మీ రాజు

తిరువూరు బస్టాండుకి కొంచెం ఇవతల, లారీలకి, ఆటోలకి సీట్లు కుట్టే కొట్టు మాది. నేను నడిపినన్నాళ్లూ దానికి బోర్డు లేదు. ఇప్పుడు మా అబ్బాయి రంగుల బోర్డు పెట్టించాడు. నాకు బడి చదువు మూడో తరగతితో సరి. ఆ పైన చదివిందంతా దబ్బనం పక్కన పెట్టినప్పుడు చదువుకున్నదే. ఇది గొప్పకి చెప్పడం లేదు. సీట్లు కుట్టుకునేవాడికి రాజులతో ఏం పని అని అడిగేవాళ్లుంటారు కాబట్టి ముందే చెబుతున్నాను.

ఆ రాజు మైసూరు సుల్తాను. ఇంగ్లీషువాళ్ల కుంఫిణీతో జీవితమంతా పోరాడి, చివరికి తన కోట గుమ్మంలోనే చచ్చిపోయినాయన. పేరు రాయను. పేరు కనబడగానే చదివేవాళ్లు అటో ఇటో జరిగి కూర్చుంటారు. నాకు అది బాగా అనుభవమైంది.

ఆయన నాకు పరిచయమైంది మా ఇంట్లో కాదు, మసీదులోనూ కాదు. రెడ్డిగూడెం దాటాక ఒక మామిడి తోట ఉండేది. ఆ తోట రైతుకి ఒక పాత జీపు, రెండు బీరువాల పుస్తకాలు ఉండేవి. నాకు మీసం సరిగా రాని రోజుల్లో ఆ జీపు సీట్లు కుట్టడానికి వెళ్లాను. పాత సీటు విప్పి కొబ్బరి పీచు దులుపుతున్నాను. ఆయన అరుగు మీద పడక కుర్చీలో చదువుకుంటూ ఉన్నట్టుండి తొడ చరిచాడు.

"మనవాడు మళ్లీ కొట్టాడోయ్ దెబ్బ."

వాళ్ల బంధువు ఎవరో పేకాటలో గెలిచాడనుకున్నాను. "ఎవరండీ?" అన్నాను.

"మైసూరు సుల్తానోయ్. వెదురు కర్రకి ఇనప గొట్టం కట్టి, అందులో మందు కూరి, కుంఫిణీ వాళ్ల మీదికి వదిలాడు. తెల్లోళ్లు అలాంటిది పుట్టి బుద్ధెరిగి చూడలా."

ఆ సాయంత్రం ఆ పుస్తకం నాకు ఇచ్చి పంపాడు. ఒక్కో పేజీకి ఒక్కో పూట పట్టింది. అర్థం కాని మాట దగ్గర పుల్ల పెట్టుకుని, మళ్లీ పని ఉందనే వంకతో తోటకి వెళ్లి అడిగేవాణ్ణి. సుల్తాను తండ్రికి చదువు రాదని తెలిసిన చోట ఆగిపోయాను. మామూలు సిపాయిగా మొదలై రాజ్యం ఏలేదాకా వచ్చిన మనిషి. సంతకం కోసం ఒకే ఒక్క అక్షరం నేర్చుకున్నాడట, అది కూడా తలకిందులుగా రాసేవాడని చెబుతారు. మా నాన్నది వేలిముద్ర. అలాంటి తండ్రి కొడుక్కి పంతుళ్లని పెట్టి చదివించాడు. ఆ కొడుకు పెద్దయ్యాక కోటలో గ్రంథాలయం పెట్టుకున్నాడు. తనకొచ్చిన కలల్ని లేచి కాగితం మీద రాసుకునేవాడు. ఎక్కడెక్కడి మొక్కలో తెప్పించి తోటలు వేశాడు, పట్టుపురుగుల్ని పెంచమన్నాడు, నెలల పేర్లు మార్చాడు, కొలతలు మార్చాడు. కుదురు లేని మనిషి. ఫ్రాన్సు దాకా మనుషుల్ని పంపి సాయం అడిగాడు. ఎవరూ రాలేదు.

తోట రైతు ఆయన్ని మెచ్చుకోవడమే కాదు, తిట్టేవాడు కూడా. అదే నాకు నచ్చింది.

"మనవాడు కొడగు సీమలో చేసింది మాత్రం దారుణమోయ్. పిల్లాజెల్లాతో ఊళ్లకి ఊళ్లు తోలుకుపోయాడు. మతం మార్పించాడు."

"వాళ్లు తిరగబడ్డారు కదండీ."

"తిరగబడితే? చంటిపిల్లలు తిరగబడ్డారా? ఊరికే మనవాణ్ణి వెనకేసుకు రాకు."

"మఠానికి కానుకలు కూడా పంపాడని ఇందులోనే ఉంది."

"పంపాడు. ఒక చేత్తో పెడతాడు, ఇంకో చేత్తో లాక్కుంటాడు. మనవాడితో వచ్చిన చిక్కే అది."

ఆయన 'మనవాడు' అన్నప్పుడు ఆ 'మన'లో నేనూ కలిసే ఉన్నాను. అప్పుడు అది నాకు పెద్ద సంగతిగా తోచలేదు. తెలుగులో 'మా' వేరు, 'మన' వేరు. 'మా ఇల్లు' అంటే నువ్వు బయట ఉన్నావని, 'మన ఇల్లు' అంటే చెప్పులు విప్పి లోపలికి రమ్మని. ఆ రైతు, నేను, చచ్చిపోయిన ఒక సుల్తాను ఒకే అరుగు మీద చాలా ఏళ్లు కూర్చున్నాం. నిజం చెప్పాలంటే ఆ రాజు మా ఇద్దరికీ ఏమీ కాడు. ఆయన బతికున్న కాలంలో మా కృష్ణా జిల్లా నేల కుంఫిణీ చేతిలో ఉంది. ఎగువన నిజాం. ఇద్దరూ ఆయన మీదికి సైన్యాలు తోలినవాళ్లే. మా తాతముత్తాతలు ఏదన్నా మోసి ఉంటే శత్రువుల మూటలే మోసి ఉంటారు.

రైతు పోయాడు. తోట చేతులు మారింది. ఆ పుస్తకాలు ఎటు పోయాయో తెలియదు. నేను మా ఊరి లైబ్రరీలో దొరికినవన్నీ చదివాను, విజయవాడ వెళ్లినప్పుడు పాత పుస్తకాల వాళ్ల దగ్గర వెతికాను. మాట్లాడుకోవడానికి మాత్రం మనిషి లేడు.

ఈ లోపల ఎప్పుడు మారిందో చెప్పలేను గానీ, లోకం నోట్లో మాట మారింది. ఒక రోజు ట్రాక్టరు సీటు కుట్టించుకోవడానికి గంపలగూడెం నుంచి ఒకాయన వచ్చాడు. మిషను మీద పుస్తకం చూసి, చాలా ఆప్యాయంగానే, "ఓహో, మీ రాజు పుస్తకమా" అన్నాడు. ఆయనకి నేను టీ తెప్పించాను. ఆయన వెళ్లాక నాకు ఒళ్లు మండింది. తిట్టి ఉంటే బదులు తిట్టేవాణ్ణి. ఆప్యాయంగా తలుపు వేసినవాణ్ణి ఏమంటాం?

తరవాత అందరూ అదే మాట. సినిమా వచ్చినా, ఎన్నికలు వచ్చినా, ఎక్కడో కర్ణాటకలో గొడవ జరిగినా, కొట్టు ముందు ఆగి "ఏంటి, మీ రాజు మళ్లీ పేపర్లో పడ్డాడు" అనేవాళ్లు. ఆయన చేసిన మంచికి నేను పొంగాలి, చేసిన చెడుకి నేను తల దించుకోవాలి. రెండూ నా వల్ల కాలేదు.

అలాంటప్పుడు, కిందటేడు, మా లైబ్రరీకి కొత్తగా వచ్చిన అమ్మాయి నన్ను పిలిచింది. నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు చేస్తారు. ఒక పూట మాట్లాడమంది.

"తాతగారూ, మీ కార్డు చూశాను. సగం పుస్తకాలు ఒకే రాజు మీద ఉన్నాయి. మీ రాజు గురించి మీరే చెప్పండి, పిల్లలు వింటారు."

ఆ 'మీ'ని ఆ రోజు పట్టించుకోలేదు. జన్మలో నన్ను ఎవరూ వేదిక ఎక్కమనలేదు. నాకు కావాల్సింది ఒక్కటే. ఆయన్ని ఒక్కసారి మొత్తంగా చెప్పాలి. రాకెట్లు, కొడగు, తోటలు, మఠం, చావు, అన్నీ ఒకే నోటితో, ఒకే పూట. అరుగు మీద కూర్చున్నప్పుడు చెప్పుకున్నట్టు. అంతకుమించి ఆశ లేదు.

మా వీధిలో సెల్‌ఫోన్ల కొట్టు నడిపే కుర్రాడు ముందు వచ్చాడు. మావాడే, మసీదులో నా పక్కనే నిలబడేవాడు.

"చాచా, స్పీచంట గదా. ఇరగదియ్యాలి. మన రాజు గురించి మనోళ్లు ఒక్కరన్నా మాట్లాడాలి."

"మనోళ్లంటే ఎవరు?"

"మనోళ్లే చాచా. ఏంటి కొత్తగా అడుగుతారు?"

"కొడగు సంగతి కూడా చెబుతాను."

నోట్లో నములుతున్నది ఆపాడు. "అది వాళ్లు రోజూ చెబుతానే ఉన్నారుగా. పొద్దున లేస్తే ఫోన్లో అదే. మళ్లీ మీరు కూడా చెప్పాలా? ఇంట్లోవాడి తప్పు ఎవరన్నా వీధిలోకి తెచ్చి ఆరేసుకుంటారా?"

వాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. పైగా వాడు 'మన' అన్నాడు. ఏళ్ల తరవాత ఒకరి నోట ఆ మాట విన్నాను. అయితే వాడి మనలో ఆ తోట రైతుకి చోటు లేదు.

రెండు రోజులకి ఒక రిటైరైన మాస్టారు స్కూటరు సీటు చిరిగిందని వచ్చాడు. సీటుకి ఏమీ కాలేదు, కుట్టు కాస్త లేచింది, అంతే.

"ఏమండీ పెద్దాయనా, మీ రాజు గురించి మాట్లాడుతున్నారంట. మంచిదే. కాకపోతే నిజాయితీగా మాట్లాడాలి. కొడగు చెప్పాలి, మలబారు చెప్పాలి. మీలాంటివాళ్లు చెబితేనే దానికి విలువ."

"నాలాంటివాళ్లంటే ఏంటండీ?"

"అదే, మీరంటే ఊళ్లో అందరికీ గౌరవం గదా."

"చెప్పాలనే అనుకున్నానండీ. మీరు అడగకముందు దాకా."

"అడిగితే తప్పొచ్చిందా?"

"మీరు అడిగాక చెబితే అది మీ మాటవుద్ది. నా మాట కాదు."

ఆయన నవ్వి, "మీకు లౌక్యం ఎక్కువ" అని వెళ్లిపోయాడు. చెడ్డవాడు కాదు. మా అబ్బాయికి లెక్కలు ఆయనే చెప్పాడు.

ఆ రాత్రి నుంచి నాకు దారి మూసుకుపోయింది. చెప్పాల్సినది మనసులో ఎన్నిసార్లు పేర్చుకున్నా, ప్రతి మాటకీ ముందే ఎవడో ఒకడు యజమాని ఉన్నాడు. కొడగు వదిలేస్తే సెల్‌ఫోన్ల కుర్రాడి నోరు నాది. కొడగు చెబితే మాస్టారి నోరు నాది. యాభై ఏళ్లు చదివి నేను సంపాదించిన మాట ఒక్కటీ నాకు మిగలలేదు. ఒళ్లు మండకుండా ఎలా ఉంటుంది?

మా అబ్బాయికి ఇదంతా గిట్టలేదు. "జొరం వచ్చిందని చెప్పెయ్ నాన్నా. రెండు వైపులా మన కస్టమర్లే."

"నాకు జొరం లేదురా."

"పోనీ రాజుగారికి వచ్చిందని చెప్పండి" అంది మా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి. "చచ్చిన రాజు కోసం బతికున్న కొడుకుతో తగువేంటి మీకు?"

రేపు మీటింగు అనగా లైబ్రరీ అమ్మాయి ఫోను చేసింది. "తాతగారూ, ఏమీ అనుకోకండి. ఎవరెవరో ఫోన్లు చేస్తున్నారు. వివాదం లేకుండా మాట్లాడండి. ఆయన తోటలు, పట్టుపురుగులు, అలాంటివి చెప్పండి."

"జీవితమంతా గుర్రం దిగని మనిషి గురించి పట్టుపురుగులు చెప్పమంటావా అమ్మా?"

"నేను కూడా ఇక్కడ ఉద్యోగం చేసుకోవాలి గదా తాతగారూ" అంది.

ఫోను పెట్టేశాను.

వెళ్లాను. హాల్లో కాలేజీ పిల్లలు, పేపరు చదువుకునే ముసలాళ్లు, వెనక వరసలో ఒక పక్కన సెల్‌ఫోన్ల కుర్రాడు, ఇంకో పక్కన మాస్టారు. వాళ్లిద్దరి చుట్టూ నాకు తెలియని కుర్రాళ్లు. నేను లేవగానే ఫోన్లు లేచాయి. నన్ను పరిచయం చేసినాయన "తమ రాజు గురించి పెద్దలు ప్రసంగిస్తారు" అన్నాడు.

పట్టుపురుగులు ఒక్క నిమిషం చెప్పాను. నోరు దానంతట అదే పక్కకి తిరిగింది. ఆయన చివరి రోజు చెప్పడం మొదలుపెట్టాను. శ్రీరంగపట్నం చుట్టూ నది, నది అవతల ఒక పక్క కుంఫిణీ, ఒక పక్క నిజాం సేన. ఫిరంగులు గోడని కొడుతున్నాయి. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాడు. గోడ పడింది, శత్రువులు లోపలికి వచ్చారు అన్న కబురు వచ్చింది. చెయ్యి కడుక్కుని లేచాడు. పోరాడుతూ వెనక్కి తగ్గి కోట లోపలి గుమ్మం దగ్గరికి వచ్చాడు. లోపల్నుంచి పారిపోయే జనం బయటికి తోసుకొస్తున్నారు, వెనక నుంచి తెల్లోళ్లు తరుముకొస్తున్నారు. లోపలికి పోలేడు, బయటికి రాలేడు. ఎవరూ ఆయన్ని గుర్తుపట్టలేదు కూడా. పొద్దు గూకాక శవాల కింద వెతికి తీశారు.

ముందు వరసలో ఒక ఆడపిల్ల నోరు తెరుచుకుని వింటోంది. యాభై ఏళ్లు వెనక్కి, అరుగు మీదికి వెళ్లిపోయాను. వెనక ఫోన్లున్నాయన్న సంగతే మర్చిపోయాను.

"గుమ్మంలో ఆయనకి ఎవరు గుర్తొచ్చారో మనకి తెలియదు" అన్నాను. "కొడగులో పిల్లాజెల్లాతో ఊళ్లకి ఊళ్లు తోలుకుపోయాడు మనవాడు. అది ఘోరం, దాచేది కాదు. ఆ తరవాత యుద్ధంలో ఓడిపోతే కుంఫిణీ వాళ్లు మనవాడి కొడుకులిద్దర్నీ పూచీ కింద అడిగారు. పసివాళ్లు. ఏనుగులెక్కించి శత్రువు డేరాకి పంపాడు. పిల్లలు పోతుంటే తండ్రి కడుపు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసే ఉంటుంది. తెలిసి మారాడా అంటే, నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు."

ఇంకా చెప్పాల్సింది ఉంది. కానీ వెనక నుంచి ఒక నవ్వు వినబడింది. ఎవడో "మనవాడంట" అన్నాడు. ఇంకెవడో "ఎవరి మనవాడు?" అన్నాడు. పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. లైబ్రరీ అమ్మాయి గబగబా వచ్చి, సమయం అయిపోయిందంటూ నా భుజం మీద శాలువా కప్పింది.

మర్నాటికి ఆ మాట ఫోన్లలో ఊరంతా తిరిగింది. వీడియోని ఎవరు ముక్కలుగా కత్తిరించారో తెలియదు. మాస్టారు తాను కాదన్నాడు, నమ్మాను. ఒక ముక్కలో నేను "తోలుకుపోయాడు, అది ఘోరం" అంటాను. దాని కింద, 'వాళ్ల పెద్దాయనే ఒప్పుకున్నాడు' అని రాశారు. ఇంకో ముక్కలో ఉత్త "మనవాడు" మాత్రమే ఉంది. దాని కింద, 'పసిపిల్లల్ని తోలుకుపోయినవాడు వీళ్లకి మనవాడు' అని. మావాళ్ల ఫోన్ గుంపులో మొదటి ముక్కే తిరిగింది, కానీ కింద రాత వేరు. 'అమ్ముడుపోయిన ముసలాడు.' ఒక్క మాటకి మూడు తాళాలు వేశారు. కొడుకుల సంగతి, ఏనుగుల సంగతి ఏ ముక్కలోనూ లేదు.

ఆటోవాళ్లు రావడం తగ్గించారు. సీటు కోసం వదిలిన ట్రాక్టరుని గంపలగూడెం ఆయన కుట్టించుకోకుండానే తీసుకుపోయాడు, ఆప్యాయంగానే. కొట్టు గది ఓనరు మా అబ్బాయిని పిలిచి, తనకి ఎవరితోనూ గొడవలొద్దని, వచ్చే నెలకి వేరే చోటు చూసుకోమని చెప్పాడు.

మా అబ్బాయి ఇంటికి వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. కోపంగా ఉన్నాడనుకున్నాను. కోపం లేదు, భయంగా ఉన్నాడు. వాడిది నాలా మూడో తరగతి చదువు కాదు, ఇంటరు దాకా చదివాడు. అయినా వాడికి వచ్చిన పని ఈ కుట్టు ఒక్కటే.

"ఎవరి మనవాడో చెప్పమంటున్నారు నాన్నా. ఒక వీడియో పెట్టమంటున్నారు."

"ఎవరురా?"

"ఇద్దరూ."

"మనవాడంటే మన అందరివాడు అని పెట్టు."

"అలా అంటే ఇంకా పెద్దదవుద్ది. ఆయన్ని మాకు అంటగడుతున్నావని ఒకళ్లు, మా దగ్గర్నుంచి లాక్కుంటున్నావని ఒకళ్లు మొదలెడతారు."

"మరి ఏం చెప్పమంటావు?"

వాడు నా వైపు చూడకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఈసారి హాస్యమాడలేదు.

నేనే చెప్పాను, పెట్టమని. కొట్టులో, మిషను ముందు, మా అబ్బాయి ఫోను పట్టుకున్నాడు. వాడి చేతిలోంచి తీసుకుని రెక్సిన్ చుట్టకి ఆనించి నిలబెట్టాను. అప్పుడు ఆ ఫోను ముఖంలోకి చూస్తూ చెప్పాను.

"ఆ రాజు నాకేమీ కాడు. పుస్తకంలో ఉన్నది చదివి చెప్పాను. అంతే."

మా అబ్బాయి దాన్ని రెండు గుంపుల్లోనూ పెట్టాడు. సెల్‌ఫోన్ల కుర్రాడు బొటనవేలు పైకెత్తిన బొమ్మ పంపాడు, "క్లియర్ అయిపోయింది చాచా, మన పెద్దాయనే ఒప్పుకున్నాడని ఇంక వాళ్లు అనలేరు" అని రాశాడు. మాస్టారు దణ్ణం పెట్టే చేతుల బొమ్మ పంపాడు. సాయంత్రానికి ఓనరు వచ్చి, గది సంగతి తొందరేమీ లేదని, మనసులో పెట్టుకోవద్దని అన్నాడు. మర్నాడు పొద్దున్నే ఒక ఆటో ఆగింది.

ఇన్నేళ్ల నా బతుకులో ఇద్దరికీ నచ్చేలా నేను ఆయన గురించి చెప్పిన మాట అదొక్కటే.